నగరం గోడ మీద నగరవాసుల ముఖాలు: భారీ వీడియో కళను రూపొందించే విధానం

భవనమంత ఎత్తున్న తెర మీద సినిమా నటులను, నాయకులను, ప్రకటనల్లో నవ్వే మోడళ్లను చూడడం నగరాల్లో ఉండేవారికి ఎంత అలవాటైపోయిందంటే, ఆ వెలుతురు కింద నడుస్తూ తలెత్తి చూసేవారు కూడా తక్కువే. అదే తెర మీద తెల్లవారకముందు వీధులూడ్చే మనిషి ముఖమో, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకున్న నర్సు ముఖమో కనిపించి, ఏమీ అమ్మకుండా, ఏమీ అడగకుండా, నాలుగు నిమిషాలపాటు మనవైపే చూస్తూ ఉంటే నడిచేవాళ్లు ఆగుతారు. సామాన్యులను కేంద్రంగా చేసుకున్న బహిరంగ వీడియో కళ ఈ ఆగడం మీదే నిలబడుతుంది. ఇలాంటి పనికి పూనుకున్నవారు సాధారణంగా తెర ఎంత పెద్దదిగా ఉండాలన్న ప్రశ్నతో మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒక్కొక్క మనిషికి ఎంత సమయం ఇవ్వగలమన్నది. ఎందుకంటే వెయ్యి ముఖాలను సెకనుకొకటి చొప్పున దొర్లిస్తే అది జనాభా లెక్కల పట్టికను చదివినట్టు ఉంటుందే తప్ప ఒక్క ముఖమూ చూసినవారికి గుర్తుండదు.

షికాగో నగరంలోని మిలీనియం పార్కులో 2004లో ప్రారంభమైన క్రౌన్ ఫౌంటెన్‌ను గమనిస్తే ఈ విషయం స్పష్టపడుతుంది. స్పెయిన్ శిల్పి జౌమే ప్లెన్సా రూపొందించిన ఆ కట్టడంలో సుమారు 15 మీటర్ల ఎత్తున్న రెండు గాజు ఇటుకల స్తంభాలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి, వాటి మధ్య నల్ల గ్రానైటు నేల మీద పాదాలు తడిసేంత నీరు మాత్రమే పరుచుకుని ఉంటుంది. గాజు వెనుక అమర్చిన ఎల్‌ఈడీ తెరల మీద దాదాపు వెయ్యిమంది షికాగోవాసుల ముఖాలు వంతులవారీగా కనిపిస్తాయి. చిత్రీకరించినదాన్ని నెమ్మదింపజేసి ఒక్కొక్క ముఖాన్ని అయిదు నిమిషాలకు అటూ ఇటూగా నిలుపుతారు. చివర ఆ మనిషి పెదవులు సున్నాలా చుట్టగానే సరిగ్గా నోరున్న చోటినుంచి నీటిధార దూకుతుంది, కింద కాచుకుని ఉన్న పిల్లలు కేరింతలు కొడతారు. తెర మీద పేరు ఉండదు, వృత్తి ఉండదు, సంగీతం ఉండదు. ఆ అయిదు నిమిషాలే ఆ మనిషికి దక్కే గౌరవం.

కాబట్టి కాగితం మీద వేయవలసిన మొదటి లెక్క ఇది. రాత్రికి మూడు గంటల ప్రదర్శన అంటే 180 నిమిషాలు. మనిషికి నాలుగు నిమిషాలైతే ఒక రాత్రికి 45 మందికే చోటుంటుంది. ఒకే రాత్రి చేయగలిగిన శక్తి ఉంటే 45 మందితోనే చేయాలి, ఇరవై రాత్రులు చేయగలిగితే, ఒక్కొక్కరిని ఒక్కసారే చూపే లెక్కన 900 మందిదాకా, రెండేసిసార్లు చూపితే 450 మందిదాకా వెళ్లవచ్చు. ఎక్కువమందిని చూపాలన్న ఆశతో నాలుగు నిమిషాలను ఇరవై సెకన్లకు కుదించడం కంటే మనుషుల సంఖ్యను తగ్గించడమే మేలని నా అభిప్రాయం. స్పాన్సర్లకు మాత్రం పెద్ద సంఖ్యలే నచ్చుతాయి, ఆ ఒత్తిడి తప్పకుండా వస్తుంది. ఆ లెక్కను మొదటి సమావేశంలోనే రాతపూర్వకంగా ఖాయం చేసుకుంటే తరువాత వాదించే అవసరం ఉండదు.

ఎవరిని కూర్చోబెట్టాలి

బహిరంగ ప్రకటన ఇచ్చి ఆసక్తి ఉన్నవారిని రమ్మంటే తీరిక, ధైర్యం, చేతిలో ఫోన్ ఉన్నవారే వస్తారు. కళాకారులు, విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారు ముందు వరుసలో ఉంటారు. నగరాన్ని నడిపించేవారిలో ఎక్కువమందికి ఆ ప్రకటన చేరనే చేరదు. దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం, నగరాన్ని పేటలుగా కాకుండా గంటలుగా విడదీయడం. తెల్లవారుజామున మూడింటికి మేలుకుని ఉండేదెవరు, అయిదింటికి మొదటి బస్సు ఎక్కేదెవరు, మధ్యాహ్నం రెండింటికి ఖాళీ వీధిలో కనిపించేదెవరు, రాత్రి పదకొండింటికి దుకాణం మూసేదెవరు అని 24 గంటలకూ ఒక పట్టిక రాసుకుని, ఒక్కొక్క గంటకు కొందరు చొప్పున వెతికితే, వయసులోనూ వృత్తిలోనూ భాషలోనూ వైవిధ్యం చాలావరకు దానంతటదే వస్తుంది. ఆ తరువాత జనాభా లెక్కలతో పోల్చుకుని వెలితి ఎక్కడుందో చూసి పూరించుకోవచ్చు. ఇంట్లోంచి కదలలేని వృద్ధులు, కొత్తగా వలస వచ్చినవారు, పసిపిల్లల తల్లులు ఈ రెండో వడపోతలోనే దొరుకుతారు.

మనుషులను మన దగ్గరకు రప్పించుకోవడం కంటే మనమే వారి దగ్గరకు వెళ్లడం మంచిది. ఫ్రెంచ్ కళాకారుడు జేఆర్ శాన్ ఫ్రాన్సిస్కో నగరవాసులతో కదిలే కుడ్యచిత్రం చేసినప్పుడు, 2018 ఆరంభంలో సంచార స్టూడియో ఒకదాన్ని ఊరంతా తిప్పి, 22 చోట్ల దాదాపు 1,200 మందిని చిత్రీకరించాడు. తామెలా కనిపించాలన్నది పాల్గొన్నవారే నిర్ణయించుకున్నారు. వెనుక తలుపు తెరుచుకునే ఒక వ్యాను, లోపల నల్లగుడ్డ, ఒక కుర్చీ, రెండు దీపాలు ఉంటే ఈ పద్ధతిని ఎవరైనా అనుసరించవచ్చు. షిఫ్టు మారే వేళకు గేటు బయట వ్యాను నిలిపితే అరగంటలో ఇద్దరు ముగ్గురు వస్తారు, మరునాడు వారే మరో పదిమందిని వెంటబెట్టుకొస్తారు.

ఎంపికలో ఒక ప్రలోభం ఉంటుంది. ముడతలు పడిన ముఖం, ఊడిన పళ్లు, ఎండకు మాడిన చర్మం కెమెరాకు బాగుంటాయి కనుక చిత్రీకరించేవారి చేయి అటే పోతుంది. అలాంటి ముఖాలనే ఏరితే గోడ మీద కనిపించేది నగరం కాదు, పేదరికం మీద చిత్రకారుడికున్న మోజు. బ్యాంకు గుమాస్తా, ట్యూషన్లు చెప్పే అమ్మాయి, రిటైరై రోజూ అదే బెంచీ మీద కూర్చునే పెద్దమనిషి కూడా ఉండాలి. చూడగానే ఆసక్తి కలిగించని ముఖం నాలుగో నిమిషంలో ఆసక్తి కలిగించడమే ఈ కళలోని విశేషం. రోజుకూలీ మీద బతికేవారికి పోయిన సమయానికి డబ్బు చెల్లించాలి, దాన్ని బడ్జెట్‌లో దీపాల అద్దె పక్కనే రాసుకోవాలి. చిత్రీకరించినవన్నీ పనికిరావన్నది కూడా గుర్తుంచుకోవాలి: క్రౌన్ ఫౌంటెన్‌కు 1,051 మందిని చిత్రీకరిస్తే 960 మందివే వాడుకోగలిగారు. కనుక కావలసినదానికంటే కనీసం పదో వంతు ఎక్కువమందిని తీయడం, తెరకెక్కని వారికి ఆ సంగతి ముందుగా మర్యాదగా తెలియజేయడం అవసరం.

సమ్మతి

సమ్మతిపత్రం అనగానే వకీలు రాసిన రెండు పేజీల కాగితం మీద చివర సంతకం చేయించుకోవడమని అనుకుంటారు. ఈ పనిలో అది చాలదు. చిత్రీకరణకు ఒప్పుకోవడం, ఫలానా గోడ మీద ఫలానా రాత్రులు చూపడానికి ఒప్పుకోవడం, ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఒప్పుకోవడం, పోస్టర్ల మీద వాడడానికి ఒప్పుకోవడం నాలుగు వేరువేరు విషయాలు; నాలుగింటికీ వేరువేరు గడులుండాలి, ఒకదానికి సరేనని మరొకదానికి వద్దనే వీలుండాలి. కాగితం ఆ మనిషి మాట్లాడే భాషలో ఉండాలి, చదవలేనివారికి చదివి వినిపించాలి. ఫలానా తేదీలోగా కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చని రాసి, ఆ తేదీని ప్రదర్శనకు వీలైనంత దగ్గరగా పెట్టాలి, ఎందుకంటే తన ముఖం పదిహేను మీటర్లుంటుందన్నది చాలామందికి పరీక్షా ప్రదర్శన చూశాకగానీ పూర్తిగా బోధపడదు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకంతోపాటు ఆ పిల్లవాడి ఇష్టాన్ని కూడా అడగాలి.

కింద నిలబడ్డవారు ఫోన్లతో తీసుకుంటారనీ, దాన్ని మనం ఆపలేమనీ దాపరికం లేకుండా చెప్పాలి. కొందరికి ఇది ప్రాణం మీదకు వచ్చే సంగతి: హింసించే భర్తనుంచి దూరంగా వచ్చి బతుకుతున్న స్త్రీకి, సరైన కాగితాలు లేని వలసకూలీకి ముఖం కనిపించడం ప్రమాదం. వారిని వదిలేయనక్కరలేదు, ముఖం లేకుండా కూడా మనిషిని చూపవచ్చు. పోలండ్‌లో పుట్టిన కళాకారుడు క్షిష్టోఫ్ వొడిచ్కో 1999లో హిరోషిమాలో, అణుబాంబు దాడికి శిథిలమై స్మారకంగా మిగిలిన గుమ్మటం కింద నదీతీరపు గట్టు మీద బాధితుల మాటలు వినిపిస్తూ వారి చేతులను మాత్రమే చూపాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో 326 మీటర్ల సేల్స్‌ఫోర్స్ టవర్ శిఖరాన కళాకారుడు జిమ్ క్యాంప్‌బెల్ 2018లో అమర్చిన కళాకృతిలో సుమారు 11,000 ఎల్‌ఈడీ దీపాలు మాత్రమే ఉన్నాయి. నగరంలో ఆ రోజు తీసిన దృశ్యాలే వాటి మీద కదులుతున్నా, ఒక వీడియోకు అన్ని దీపాలు చాలా తక్కువ కనుక నడిచే మనిషి నడకగా కనిపిస్తాడే తప్ప ఫలానా వ్యక్తిగా గుర్తుపట్టడం కుదరదు.

బాధను చెప్పించదలిస్తే జాగ్రత్త రెట్టింపు కావాలి. వొడిచ్కోయే 2001లో మెక్సికో సరిహద్దు నగరం తిహువానాలో, సాంస్కృతిక కేంద్రపు గోళాకార భవనం మీద ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీల ముఖాలను ప్రత్యక్షంగా ప్రదర్శించాడు. తలకు బిగించిన కెమెరా, మైకు సాయంతో వారు తమకు జరిగిన హింస గురించి జనం ముందే మాట్లాడారు. అలాంటి పని చేయాలంటే నెలల తరబడి వారితో కలిసి నడిచే సామాజిక కార్యకర్తలు, తరువాత అండగా నిలిచే ఏర్పాటు ఉండాలి. అవి లేనప్పుడు, మాటలు లేని ముఖంతోనే సరిపెట్టుకోవడం నిజాయితీ.

కుర్చీ, కెమెరా, మౌనం

సాంకేతిక పనుల్లో ఎక్కువ శ్రద్ధ కోరేది చిత్రీకరణే, ఎందుకంటే తెర దగ్గర జరిగే తప్పును రేపు సరిదిద్దవచ్చు, ఇక్కడ జరిగిన తప్పు కోసం ఆ మనిషిని మళ్లీ పిలవాలి. నిలువు గోడకైతే కెమెరాను 90 డిగ్రీలు తిప్పి నిలువుగా బిగించుకోవాలి, అప్పుడే సెన్సర్‌లోని పిక్సెళ్లన్నీ ముఖానికి ఉపయోగపడతాయి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మంత సెన్సర్ ఉన్నదానికి) 85 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్ పెట్టి రెండు మీటర్ల దూరం నుంచి తీయాలి. వైడ్ లెన్సుతో దగ్గరగా తీస్తే ముక్కు ఉబ్బినట్టు, చెవులు వెనక్కు పోయినట్టు వస్తాయి, గోడ మీద అది వెక్కిరింతలా కనిపిస్తుంది. ట్రైపాడ్‌ను కదపకుండా కుర్చీ ఎత్తును మార్చుకోగలిగితే పని వేగంగా సాగుతుంది. మానిటర్ మీద కళ్లు ఎక్కడుండాలో ఒక గీత గీసుకుని ప్రతి ముఖాన్నీ ఆ గీతకే తెచ్చుకుంటే, ఒక ముఖం నుంచి మరొక ముఖానికి మారేటప్పుడు చూపు అదే చోట నిలిచి ఉంటుంది.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడాలి. పాతిక సెంటీమీటర్ల ముఖం 15 మీటర్లకు పెరిగితే ప్రతి చిన్న విషయమూ అరవై రెట్లవుతుంది. మనిషి కంటిలోని రంగు వలయం వ్యాసం సుమారు 12 మిల్లీమీటర్లు. గోడ మీద అది డెబ్బై సెంటీమీటర్లు దాటుతుంది. ఆ కంటిలో ప్రతిబింబించే దీపపు మెరుపు మూడు మిల్లీమీటర్లుంటే గోడ మీద జానెడంత ఉంటుంది, అంటే మీరు వాడిన దీపం గుండ్రనిదో, చతురస్రమో, దాని పక్కన ఎవరైనా నిలబడి ఉన్నారో కూడా వీధిలోని వారికి తెలిసిపోతుంది. అందుకే చిన్న దీపాలు నాలుగైదు పెట్టడంకంటే పలుచని గుడ్డ కప్పిన ఒకే పెద్ద దీపాన్ని కొంచెం పక్కగా, కంటిమట్టానికి పైన పెట్టడం ఉత్తమం. మేకప్ వద్దు, నుదుటి మీద చెమట మెరుపును పౌడరుతో అద్దితే చాలు. మచ్చలను, గాట్లను తరువాత కంప్యూటర్‌లో తుడిచేయకూడదు, ఆ మనిషే కోరితే తప్ప.

నెమ్మదింపజేయదలిస్తే సెకనుకు 100 లేదా 120 ఫ్రేముల వేగంతో తీసి 25 ఫ్రేముల వేగంతో చూపాలి, అప్పుడు కదలిక నాలుగైదు రెట్లు నిదానిస్తుంది. సెకనులో మూడో వంతు పట్టే రెప్పపాటు సెకనున్నరదాకా సాగుతుంది. ఈ వేగంలో మామూలు గది దీపాలు రెపరెపలాడినట్టు నమోదవుతాయి, ఎందుకంటే 50 హెర్ట్జ్ విద్యుత్తు మీద వెలిగే దీపం సెకనుకు వందసార్లు మినుకుతుంది. అందుకని వీడియోకోసమే తయారైన, మినుకు లేని ఎల్‌ఈడీ దీపాలను వాడాలి. రంగులను 10 బిట్‌లో (అంటే ఒక్కో రంగుకు వెయ్యికి పైగా ఛాయలతో), వీలైనంత తక్కువ కంప్రెషన్‌తో నమోదు చేయకపోతే చెంప మీది నీడలు గోడ మీద మెట్లుమెట్లుగా విడిపోతాయి.

ఇక కూర్చున్న మనిషి సంగతి. బస్సు కండక్టరు ఒకాయన డ్యూటీ దిగి వచ్చి కూర్చున్నాడనుకుందాం. మొదటి నిమిషం ఆయన ముఖంలో ఫొటో స్టూడియో ఉంటుంది: గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి, కళ్లార్పకుండా చూస్తాడు. రెండో నిమిషంలో ఇబ్బంది మొదలవుతుంది, ఎంతసేపన్నట్టు కెమెరా వెనుకనున్నవారి వైపు చూస్తాడు, భుజానికి లేని సంచిని చేయి తడుముతుంది. అప్పుడు ఎవరూ మాట్లాడకుండా ఉంటే మూడో నిమిషంలో బిగబట్టిన ఊపిరి బయటకు వస్తుంది, భుజాలు దిగుతాయి, పెదవుల బిగువు సడలుతుంది, ఆయన ఎవరికోసమూ కాని తన ముఖంతో కూర్చుంటాడు. మనకు కావలసినవి ఆ తరువాతి నలభై యాభై సెకన్లే. ‘నవ్వండి’ అని కానీ, ‘నవ్వకండి’ అని కానీ అనకూడదు. గదిలో కెమెరా నడిపేవారు తప్ప మరొకరు ఉండకూడదు. మానిటర్‌ను ఆయనకు కనబడేలా పెట్టకూడదు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు కేటాయిస్తే రోజుకు పాతికమందిని తీయవచ్చు, అంతకంటే తొందరపడితే అందరూ మొదటి నిమిషపు ముఖాలతోనే మిగిలిపోతారు.

గోడా, ఎల్‌ఈడీ తెరా

కొద్ది రాత్రుల ప్రదర్శనకు ప్రొజెక్టర్లు, శాశ్వతంగా ఉండేదానికి లేదా పగలు కూడా కనిపించవలసినదానికి ఎల్‌ఈడీ తెర అన్నది స్థూలమైన సూత్రం. ప్రొజెక్షన్‌కు గోడ లేతరంగులో, మెరుపు లేకుండా ఉండాలి. అద్దాల భవనం ఎంత ఎత్తున్నా పనికిరాదు, వెలుతురు లోపలికి పోతుంది. నల్లరాయి వెలుతురును మింగేస్తుంది. కిటికీలున్న గోడే దొరికితే, కళ్లు కిటికీ మీద పడకుండా ముఖాన్ని జరుపుకోవాలి, ఆ గదుల్లో ఉండేవారు ఆ వేళకు దీపాలు ఆర్పి తెరలు వేస్తారో లేదో ముందే మాట్లాడుకోవాలి. గోడ ముందున్న చెట్టు ఆకురాలే కాలంలో అడ్డు రాకపోయినా చిగురించాక అడ్డు వస్తుందన్న సంగతి స్థలపరిశీలనలో చాలామంది మరిచిపోతారు.

వెలుతురు ఎంత కావాలన్నది ఊహించుకోనక్కరలేదు, లెక్కగట్టవచ్చు. 20 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల ఎత్తున్న గోడ వైశాల్యం 300 చదరపు మీటర్లు. దాని మీద మొత్తం 40,000 ల్యూమెన్లు (ప్రొజెక్టర్ వెదజల్లే వెలుతురుకు కొలమానం) పడితే చదరపు మీటరుకు 133, అంటే 133 లక్స్. గోడ తన మీద పడినదానిలో సగం తిప్పి పంపుతుందనుకుంటే, 133ను సగం చేసి 3.14తో భాగిస్తే కంటికి కనిపించే ప్రకాశం 21 నిట్లు అవుతుంది. సినిమా హాల్లో తెరకు నిర్దేశించిన ప్రకాశం 48 నిట్లు; అక్కడ చీకటి, ఇక్కడ వీధిదీపాలు. ఆ దీపాలనుంచి గోడ మీద 10 లక్స్ పడుతుంటే చిత్రంలోని నలుపు అంతకంటే నల్లగా ఉండడం అసాధ్యం, తెలుపుకు నలుపుకు మధ్య తేడా పధ్నాలుగు రెట్లకు మించదు. కనుక ఇంకో ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చేముందు, గోడకు ఎదురుగా ఉన్న రెండు వీధిదీపాలకు ఆ వేళ ముసుగు వేయడానికి నగరపాలక సంస్థ ఒప్పుకుంటుందేమో అడగాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. రాత్రిపూట లక్స్ మీటరు పట్టుకుని గోడ దగ్గరకు వెళ్లి కొలవకుండా ఏ స్థలాన్నీ ఖాయం చేసుకోకూడదు.

వెలుతురే కళలో భాగమైన ఉదాహరణ ఒకటుంది. మెక్సికోలో పుట్టిన కళాకారుడు రాఫాయెల్ లొజానో హెమ్మెర్ ‘అండర్ స్కాన్’ అన్న కృతిలో చౌరస్తా నేలనంతా 1,10,000 ల్యూమెన్ల తెల్లని కాంతితో ముంచెత్తాడు. నడిచేవారి నీడ పడ్డచోట మాత్రమే ఒక మనిషి వీడియో బయటపడుతుంది, తలెత్తి మన కళ్లలోకి చూస్తుంది, మనం కదిలిపోతే ముఖం తిప్పుకుంటుంది. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మిడ్‌లాండ్స్ వాసులు వెయ్యిమందికి పైగా అందులో ఉన్నారు; 2008 నవంబరులో దాన్ని లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ప్రదర్శించారు. ముఖం పెద్దదిగా ఉండనక్కరలేదనీ, చూసేవారి నీడంత ఉన్నా చాలుననీ తెలుసుకోవడానికి ఆ పని తప్పక గమనించదగినది.

ఒకటికంటే ఎక్కువ ప్రొజెక్టర్లు వాడినప్పుడు పక్కపక్క చిత్రాలు పదినుంచి ఇరవై శాతందాకా ఒకదానిమీదొకటి ఎక్కేలా పెట్టి అంచులు కలపాలి. ఆ అతుకు ముక్కు మీదుగా కాకుండా వెనుకనున్న నల్లటి భాగంలో పడేలా చూసుకుంటే చిన్న తేడాలు కంటికి తగలవు. ప్రొజెక్టర్లు నిలబెట్టే మంచె గట్టిగా ఉండాలి, భారీ వాహనం పోయినప్పుడల్లా మంచె కదిలితే ముఖం వణుకుతుంది. వాన, దుమ్ము, వేడి మూడింటినుంచీ కాపాడే గూడు, గాలి ఆడే ఫ్యాన్లు, వేరే విద్యుత్ లైను తప్పనిసరి. ప్రారంభ సమయాన్ని సూర్యాస్తమయానికి పెట్టడం తరచుగా జరిగే పొరపాటు: సూర్యుడు క్షితిజానికి ఆరు డిగ్రీలు కిందికి దిగేవరకు ఆకాశం ప్రొజెక్టర్‌ను గెలుస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో దీనికి ఇరవై నిమిషాలకు పైచిలుకు చాలు. ఉత్తరాది దేశాల వేసవిలో గంటో అంతకంటే ఎక్కువో పడుతుంది.

ఎల్‌ఈడీ తెర ఎంచుకుంటే పిక్సెల్ పిచ్ గురించి, అంటే రెండు దీపపు చుక్కల మధ్య దూరం గురించి ఆలోచించాలి. ఆ దూరం ఎన్ని మిల్లీమీటర్లో, చూసేవారు కనీసం అన్ని మీటర్ల దూరంలో ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 10 మిల్లీమీటర్ల పిచ్‌తో 15 మీటర్ల ఎత్తుకు 1,500 పిక్సెళ్లు వస్తాయి, ముఖానికి అది ధారాళంగా సరిపోతుంది. అంతకంటే నాజూకైన తెరను అమ్మజూపేవారి మాట విని డబ్బు పోగొట్టుకోనక్కరలేదు. ఎండలో కనిపించడానికి 5,000 నిట్లు, ఆ పైన కావాలి. రాత్రి అదే ప్రకాశాన్ని వదిలేస్తే కళ్లు చెదురుతాయి, పొరుగిళ్ల పడకగదుల్లో పగలవుతుంది. చీకటిపడగానే ప్రకాశం కొన్ని వందల నిట్లకు దానంతటదే తగ్గేలా అమర్చాలి. బరువు, గాలి ఒత్తిడి లెక్కలు మాత్రం అర్హత ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతోనే ఉండాలి.

కూర్పు, శబ్దం, అనుమతులు

ఎడిటింగ్‌లో చేయవలసినది తక్కువ. ముఖాలను వృత్తుల వారీగానో, వయసుల వారీగానో గుంపులు చేయకూడదు. ఒక ముఖం చూపు ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మరొకటి మొదలయ్యేలా పేర్చితే చాలు. ఒకటి పోయి మరొకటి రావడానికి మూడు నాలుగు సెకన్ల నల్లని విరామం ఇవ్వడం నాకు నచ్చుతుంది, ఒకరిలోకి మరొకరు కరిగిపోయే ఫేడ్ వల్ల ఒక్క క్షణం ఎవరిదీ కాని ముఖం తయారవుతుంది. తెర మీద ‘డ్రైవరు’, ‘కూలీ’ అని రాయడం వల్ల ఆ మనిషి ఆ ఒక్క మాటలోకి కుంచించుకుపోతాడు. ఒప్పుకున్నవారి పేర్లను కింద చదివే ఎత్తులో ఒక పలక మీద రాసిపెట్టడం మేలు. స్పాన్సరు చిహ్నం కూడా ఆ పలక మీదే, ముఖం మీద ఎన్నడూ కాదు.

శబ్దం లేకపోవడమే చాలాచోట్ల మంచిది. నగరం మోత ఎలాగూ ఉంటుంది, దానికి తోడు విషాద సంగీతం పెడితే చూసేవారు ఏమనుకోవాలో మనమే చెప్పినట్టవుతుంది.

అనుమతులకు భవన యజమాని, నగరపాలక సంస్థ, ట్రాఫిక్ పోలీసు, అగ్నిమాపక శాఖ దగ్గరకు వెళ్లవలసి రావచ్చు, నెలలు పడుతుంది కనుక చిత్రీకరణతోపాటే మొదలుపెట్టాలి. వాహనాలు నడిపేవారికి తెర కనబడుతుంటే హఠాత్తుగా మారే దృశ్యాలు ఉండకూడదు. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసేది ఏదీ ఉండకూడదు, అది మూర్ఛవ్యాధి ఉన్నవారికి ప్రమాదం. వలసపక్షులు నగరం మీదుగా వెళ్లే రోజుల్లో అర్ధరాత్రికి ముందే ఆర్పేయడం మంచిది. మరొక సంగతి: తెర కట్టాక దాని మీద నిఘా కెమెరాలు పెట్టాలన్న ఆలోచన ఎవరికో ఒకరికి వస్తుంది. క్రౌన్ ఫౌంటెన్ స్తంభాల మీద 2006లో అలాగే బిగించారు, జనం ఆక్షేపించడంతో కొద్దివారాల్లో తీసేశారు. నగరవాసులను చూడడానికి పిలిచిన చోట వారిమీద నిఘా పెట్టకూడదన్న షరతును ఒప్పందంలో ముందే రాయించుకోవాలి.

పరీక్ష రాత్రి, ప్రదర్శన రాత్రులు

ప్రారంభానికి వారం ముందు, కాదంటే కనీసం మూడు రోజుల ముందు, పూర్తి పరిమాణంలో ఒక పరీక్ష ఉండాలి, దానికి పాల్గొన్నవారినే మొదటి ప్రేక్షకులుగా పిలవాలి. సరిదిద్దవలసినవి అప్పుడు బయటపడతాయి: ఫలానావారి చర్మం రంగు వీధిదీపం పసుపు కలిసి మట్టిలా కనిపిస్తోందనో, ముదురురంగు ముఖాల నీడల్లో వివరం పోతోందనో తెలుస్తుంది. ఈ రెండో లోపం దాదాపు ప్రతిచోటా వస్తుంది, ఎందుకంటే చాలామంది ఒక లేతరంగు ముఖాన్ని చూసి రంగులు సరిచేసి అదే అమరికను అందరికీ వాడేస్తారు. ఒక్కొక్క ముఖానికి విడిగా, గోడ ముందు నిలబడి, ఆ రాత్రి వెలుతురులోనే సరిచేయాలి. తప్పుకుంటామనేవారు కూడా ఆ రాత్రే చెబుతారు, వారి స్థానంలో నింపడానికి ఎక్కువగా తీసిన ముఖాలు అక్కరకొస్తాయి.

ప్రదర్శన మొదలయ్యాక జనం రోడ్డు మీదకు తోసుకురాకుండా చూసేవారు, చక్రాల కుర్చీలో వచ్చినవారికి ముందు చోటు చూపేవారు, మంచె దగ్గర రాత్రంతా ఉండే ఒక సాంకేతిక నిపుణుడు కావాలి. అన్నిటికంటే చిన్నదీ, అన్నిటికంటే ఎక్కువసార్లు మరిచిపోయేదీ ఒక చీటీ. పాల్గొన్న ప్రతి ఒక్కరికీ వారి ముఖం ఏ తేదీన, ఏ గంటా ఎన్ని నిమిషాలకు వస్తుందో రాసి ముందురోజే అందజేయాలి, మొత్తం రాత్రుల్లో కనీసం రెండుసార్లు, ఒకటి పెందలాడే, ఒకటి ఆలస్యంగా వచ్చేలా వరుస కట్టాలి, ఎందుకంటే సాయంత్రం షిఫ్టులో ఉండేవారు మొదటిదానికి రాలేరు. తెరకు వీడియో పంపే కంప్యూటర్‌ను, అంటే మీడియా సర్వర్‌ను కూడా ఆ చీటీకి కట్టుబడేలా అమర్చాలి: కరెంటు పోయి మళ్లీ వస్తే వీడియో మొదటినుంచి కాకుండా, గడియారం ప్రకారం ఆ క్షణాన ఉండవలసిన చోటినుంచి సాగాలి. లేకపోతే ఎనిమిదీ నలభైకి ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వచ్చి నిలబడిన మనిషికి మరెవరి ముఖమో కనిపిస్తుంది. వాన వల్ల వంతు పోయినవారి జాబితాను మంచె దగ్గరే రాసుకుని, చివరి రాత్రికి అదనంగా పెట్టుకున్న గంటలో వారిని చూపి, ఆ గంట ఎప్పుడో తెలిపే కొత్త చీటీలను తెల్లవారేలోగా వారికి చేర్చాలి.